ఎదుగుదలకు రక్తం చెప్పే సాక్ష్యం: ఐజీఎఫ్-1 పరీక్ష వెనుక చరిత్ర

మనిషి రక్తంలో గ్రోత్ హార్మోను ఎంత ఉందో నేరుగా కొలవడం 1960ల మొదట్లో సాధ్యమైంది. 1963లో న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్, వారి సహచరులు గ్లిక్, రాత్ ఆ పని చేసి చూపించారు. గ్రాములో వంద కోట్లో వంతు పదార్థాన్ని కూడా పట్టుకోగల రేడియో ఇమ్యునో అస్సే పద్ధతి వాళ్ళది. ఆ పద్ధతికే 1977లో యాలోకు నోబెల్ బహుమతి వచ్చింది. బెర్సన్ అప్పటికే కన్నుమూశారు. పిల్లవాడు ఎందుకు పొట్టిగా ఉండిపోయాడు, నడివయసు మనిషికి చేతులూ పాదాలూ ఎందుకు పెరిగిపోతున్నాయి అన్న ప్రశ్నలకు ఇక కాసింత రక్తంతో జవాబు దొరుకుతుందని వైద్యులు ఆశపడ్డారు.

తీరా కొలిచి చూస్తే ఆ హార్మోను చేతికి చిక్కేది కాదని తేలింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో పగలు చాలాసేపు అది దాదాపు కనిపించదు. అదే మనిషి గాఢనిద్రలోకి జారాక ఉవ్వెత్తున లేస్తుంది. కాస్త పరుగెత్తినా, ఆకలితో ఉన్నా, రక్తంలో చక్కెర పడిపోయినా ఎగబాకుతుంది. విడుదలైన దాంట్లో సగం ఇరవై నిమిషాల్లోపే రక్తంలోంచి మాయమవుతుంది. సూది గుచ్చిన నిమిషాన్ని బట్టి అంకె మారిపోతుంటే జబ్బు ఉందో లేదో తేల్చేదెలా? జల్లులు జల్లులుగా కురిసే వానను అరచెయ్యి చాపి కొలవలేం. ఊరి చెరువులో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూస్తే ఆ ఏటి వాన సంగతి తెలుస్తుంది. గ్రోత్ హార్మోను జల్లులన్నీ చేరే అలాంటి చెరువు మన రక్తంలోనే ఉంది. ఇవాళ ల్యాబ్ రిపోర్టుల్లో ఐజీఎఫ్-1 అనీ, కొన్నిచోట్ల ఇప్పటికీ సొమాటోమెడిన్-సి అనీ అచ్చయ్యే అంకె ఆ చెరువు మట్టమే.

ఈ పరీక్ష చరిత్రను మొదటి నుంచి చూసుకుంటూ వస్తే ఒక విషయం పదేపదే ఎదురవుతుంది. ప్రతి తరమూ ఈ అంకెను గ్రోత్ హార్మోనును విడుదల చేసే పిట్యూటరీ గ్రంథి చెప్పే మాటగానే వినాలనుకుంది. వయసు, కాలేయం, కంచంలోని తిండి కూడా అదే అంకెలోంచి మాట్లాడుతున్నాయని ప్రతి తరమూ కొత్తగా తెలుసుకోవలసి వచ్చింది. ఇవాళ మన ఊళ్ళలో పిల్లవాడి రిపోర్టు పట్టుకుని బెంగపడే తల్లిదండ్రులకు అందరికంటే ముందు అందవలసిన మాట ఇదేనని నా నమ్మకం.

కథ పారిస్‌లో మొదలవుతుంది. 1886లో పియెర్ మారీ అనే వైద్యుడు చేతులు, పాదాలు, ముఖం అసహజంగా పెరిగిన ఇద్దరు రోగులను వర్ణించి, ఆ జబ్బుకు అక్రోమెగలీ అని పేరు పెట్టాడు. కారణం ఆయనకు అంతుపట్టలేదు. ఇలాంటి రోగుల మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఉబ్బి ఉంటుందని తర్వాతి శవపరీక్షల్లో మళ్ళీ మళ్ళీ కనిపించింది. కానీ ఆ గ్రంథి అతిగా పనిచేస్తున్నందువల్ల జబ్బు వస్తోందా, పనిచేయడం మానేసినందువల్ల వస్తోందా అన్నది పెద్ద వాదంగా నడిచింది. 1909లో అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ దక్షిణ డకోటా నుంచి వచ్చిన ఒక రైతుకు ఆ గ్రంథిలో కొంత భాగం తీసేశాడు. రోగికి తలనొప్పి, వాపు తగ్గాయి. తీసేస్తే తగ్గిందంటే ఉన్నది అతిగా ఉన్నట్టే కదా! హార్మోను మొహం ఎవరూ చూడకముందే కత్తి ఆ వాదాన్ని తేల్చేసింది.

ఆపై దశాబ్దాల సంగతి త్వరగానే చెప్పుకోవచ్చు. 1921లో బర్క్‌లీలో హెర్బర్ట్ ఎవాన్స్, జోసెఫ్ లాంగ్ ఆవు పిట్యూటరీ సారం ఎక్కించి మామూలు ఎలుకలను భారీ ఎలుకలుగా పెంచారు. 1944లో అదే విశ్వవిద్యాలయంలో చో హావ్ లీ, ఎవాన్స్ ఆవు గ్రోత్ హార్మోనును వేరుచేశారు. అది మనుషుల మీద పనిచేయలేదు. మనిషి హార్మోనే కావలసి వచ్చింది. 1956లో లీ దాన్నీ వేరుచేశాడు. 1958లో బోస్టన్‌లో మారిస్ రాబెన్ ఎదుగుదల ఆగిన ఒక కుర్రవాడికి దాన్ని ఎక్కించి ఎత్తు పెరిగేలా చేశాడు. అప్పట్లో ఆ మందుకు శవాల నుంచి సేకరించిన పిట్యూటరీ గ్రంథులు తప్ప వేరే ఆధారం లేదు. దాని పర్యవసానం భయంకరంగా వచ్చింది. ఆ మందు తీసుకున్న కొందరు యువకులు మెదడును తినేసే క్రాయిట్స్‌ఫెల్ట్-జేకబ్ జబ్బుతో చనిపోవడంతో 1985 ఏప్రిల్‌లో అమెరికా దాన్ని ఆపేసింది. ప్రపంచం మొత్తం మీద ఇలా జబ్బు పడినవారు రెండు వందలకు పైనే తేలారు. అదే ఏడాది అక్టోబరులో జన్యు ఇంజనీరింగ్‌తో తయారైన గ్రోత్ హార్మోనుకు అనుమతి దొరికింది.

అసలు మలుపు మాత్రం 1957లోనే, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో వచ్చింది. ఎముకలు పొడుగు పెరిగేది చివళ్ళలో ఉండే మృదులాస్థి వల్ల. మృదులాస్థి పెరిగేటప్పుడు సల్ఫేటును పీల్చుకుంటుంది. విలియం సాల్మన్, విలియం డాఘడే రేడియోధార్మిక గంధకం ఉన్న సల్ఫేటును వాడి ఆ పీల్చుకోవడాన్ని కొలిచారు. పిట్యూటరీ తీసేసిన ఎలుకల మృదులాస్థి సల్ఫేటును సరిగా పీల్చుకోలేదు. బతికున్న ఎలుకకు గ్రోత్ హార్మోను సూది వేస్తే మళ్ళీ పీల్చుకుంది. ఇంతవరకు అనుకున్నట్టే జరిగింది. తర్వాత మృదులాస్థి ముక్కను గాజు పాత్రలో పెట్టి నేరుగా గ్రోత్ హార్మోను కలిపారు. చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. మామూలు ఎలుక సీరం కలిపితే పీల్చుకుంది. పిట్యూటరీ లేని ఎలుక సీరం కలిపితే అంతగా పీల్చుకోలేదు. ఆ పిట్యూటరీ లేని ఎలుకకే ముందుగా గ్రోత్ హార్మోను ఇచ్చి, తర్వాత దాని సీరం తీసి కలిపితే మళ్ళీ పీల్చుకుంది.

నాలుగైదు గాజు పాత్రల్లో జరిగిన పని ఇది. అది చెప్పిన మాట మాత్రం చాలా పెద్దది. గ్రోత్ హార్మోను ఎముక దగ్గరికి తానుగా వెళ్ళి పని చేయడం లేదు. శరీరంలో ఎక్కడో మరో పదార్థాన్ని పుట్టించి, దాన్ని రక్తం మీద పంపుతోంది. ఆ పదార్థాన్ని వాళ్ళు సల్ఫేషన్ ఫ్యాక్టర్ అన్నారు. దాని రసాయన స్వరూపం తెలియదు, ఎక్కడ పుడుతుందో తెలియదు. అయినా అది రక్తంలో ఉందని తిరుగులేకుండా తేలింది. కంటికి కనబడని వస్తువు ఉనికిని అది చేసే పనిని బట్టి ఇంత శుభ్రంగా రుజువు చేసిన ప్రయోగాలు వైద్య చరిత్రలో అరుదు.

అదే వస్తువును మిగతావాళ్ళు వేరే దారుల్లో వచ్చి తాకారు. 1963లో జ్యూరిచ్‌లో ఫ్రోష్ బృందం సీరానికి ఇన్సులిన్‌లా పనిచేసే గుణం ఉందనీ, ఇన్సులిన్‌ను అడ్డుకునే యాంటీబాడీలు కలిపినా ఆ గుణంలో చాలా భాగం మిగిలే ఉంటోందనీ గమనించింది. విస్కాన్సిన్‌లో హోవర్డ్ టెమిన్ ప్రయోగశాల కణాలను విభజింపజేసే పదార్థం వెంట పడింది. చివరకు చూస్తే అది ఈ కుటుంబంలోదే, ఐజీఎఫ్-2. 1972లో సల్ఫేషన్ ఫ్యాక్టర్ పేరు సొమాటోమెడిన్‌గా మారింది. 1978లో జ్యూరిచ్‌లోనే రిండర్‌క్నెఖ్ట్, హంబెల్ మనిషి రక్తం నుంచి శుద్ధి చేసిన పదార్థంలోని 70 అమైనో ఆమ్లాల వరుసను ప్రచురించారు. దాని అల్లిక ఇన్సులిన్‌ను పోలి ఉంది. అందుకే ఇన్సులిన్ లైక్ గ్రోత్ ఫ్యాక్టర్-1, పొట్టిగా ఐజీఎఫ్-1. సొమాటోమెడిన్-సి, ఐజీఎఫ్-1 ఒకటేనని 1983లో తేలింది.

పరీక్షగా ఇది రోగి మంచం దగ్గరికి చేరింది అమెరికాలోని నార్త్ కరొలైనా నుంచి. 1977లో ఫర్లనెటో, అండర్‌వుడ్, వాన్ వైక్, డెర్కోల్ సొమాటోమెడిన్-సిని కొలిచే రేడియో ఇమ్యునో అస్సేను రూపొందించారు. రెండేళ్ళకు డేవిడ్ క్లెమన్స్ తన సహచరులతో కలిసి అక్రోమెగలీ రోగుల్లో దాన్ని ప్రయోగించి చూశాడు. పరగడుపున తీసిన గ్రోత్ హార్మోను అంకె కొందరిలో పెద్దగా పెరిగినట్టే లేదు. సొమాటోమెడిన్-సి మాత్రం ఎత్తుగా నిలిచింది. ఈ జబ్బులో మడమ కింది మెత్త మందమవుతుంది. ఆ మందంతో కూడా గ్రోత్ హార్మోను కంటే ఈ అంకే బాగా పొసిగింది. రోగి ఒంట్లో జరుగుతున్నదానికి సరైన సాక్షి దొరికినట్టయింది. ఐజీఎఫ్-1 రక్తంలో ఒంటరిగా తిరగదు. ఐజీఎఫ్‌బీపీ-3 అనే ప్రొటీను, ఏఎల్ఎస్ అనే మరో ప్రొటీను దాన్ని పట్టుకుని ఉంటాయి. విడిగా ఉంటే నిమిషాల్లో మాయమయ్యేది ఈ ముగ్గురి కట్టులో పన్నెండు గంటలకు పైగా నిలుస్తుంది. అందుకే ఈ పరీక్షకు పరగడుపున రావాలనీ, ఫలానా గంటకే రక్తం ఇవ్వాలనీ నియమం లేదు.

ఇక్కడికి కథ సుఖాంతమైందని అనుకునేవాళ్ళకు ఆకలి పిల్లలు అడ్డు నిలిచారు. ఈ భాగం మన నేలకు దగ్గరిది కనుక కాస్త ఆగుతాను.

1960లలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పిమ్‌స్టోన్ బృందం క్వాషియోర్కర్‌తో, అంటే ప్రొటీన్ల లేమితో ఒళ్ళు వాచిన పసిపిల్లల రక్తంలో గ్రోత్ హార్మోనును కొలిచింది. ఎదుగుదల పూర్తిగా ఆగిపోయిన పిల్లలు కనుక తక్కువ ఉండాలి. చాలా ఎక్కువ ఉంది! 1973లో అదే ఊరి పరిశోధకులు అలాంటి పిల్లల్లో సల్ఫేషన్ ఫ్యాక్టర్ పడిపోయి ఉంటుందని చూపించారు. కూనూరు నుంచి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న మన పరిశోధనాలయంలోనూ అదే కాలంలో రఘురాములు, జయారావు వంటి శాస్త్రవేత్తలు పోషకాహార లోపం ఉన్న పిల్లల్లో గ్రోత్ హార్మోను, ఇన్సులిన్, కార్టిసాల్ తీరును శోధించారు. ఒకే పేదరికంలో ఒక బిడ్డ ఎండిపోయి మరో బిడ్డ ఎందుకు వాచిపోతుందన్న ప్రశ్నకు హార్మోన్ల సర్దుబాటు వైపు నుంచి జవాబు వెతుకుతూ జయారావు 1974లో లాన్సెట్ పత్రికలో రాశారు. తర్వాత క్లెమన్స్, అండర్‌వుడ్ స్వచ్ఛందంగా ఉపవాసం ఉన్న పెద్దవాళ్ళలో చూసినా అదే తీరు కనిపించింది. తిండి మానేసిన కొద్ది రోజుల్లోనే ఐజీఎఫ్-1 పడిపోతుంది, అన్నం పెడితే మళ్ళీ లేస్తుంది. దానికి కెలోరీలూ కావాలి, ప్రొటీనూ కావాలి.

కారణం కాలేయంలో ఉంది. రక్తంలో తిరిగే ఐజీఎఫ్-1లో సింహభాగం అక్కడే తయారవుతుంది. తిండి లేనప్పుడు కాలేయం గ్రోత్ హార్మోను పిలుపును వినడం మానేస్తుంది. పిట్యూటరీ మరింత గట్టిగా అరుస్తుంది, జవాబు రాదు. శరీరం తన పొదుపు తాను చేసుకుంటోందన్నమాట. పిల్లవాడి రిపోర్టులో ఐజీఎఫ్-1 తక్కువ వచ్చిందంటే పిట్యూటరీ పనిచేయడం లేదని అర్థం కానక్కర్లేదు. కడుపు నిండటం లేదేమో, గోధుమలు పడని సీలియాక్ జబ్బు ఉందేమో, థైరాయిడ్ మందగించిందేమో, మధుమేహం అదుపులో లేదేమో, కాలేయమే చెడిందేమో. ఆ ప్రశ్నలు అడగకుండా ఖరీదైన సూదిమందు దగ్గరికి పరుగెత్తడం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది.

ఆకలి ప్రమేయం లేకుండానే ఈ పిలుపు వినబడని వాళ్ళూ ఉన్నారు. 1966లో ఇజ్రాయెల్‌లో జ్వి లారాన్ తన సహచరులతో కలిసి పొట్టిగా ఉండిపోయిన కొందరు తోబుట్టువులను వర్ణించాడు. వాళ్ళ రక్తంలో గ్రోత్ హార్మోను దండిగా ఉంది. తర్వాతి పరిశోధనలో దాన్ని అందుకునే రిసెప్టర్ చెడిపోయిందని తెలిసింది. అందుకే ఐజీఎఫ్-1 అడుగంటింది. ఈక్వడార్ దక్షిణ కొండ ప్రాంతంలో లారాన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళ పెద్ద సమూహాన్ని హైమే గెవారా-అగిర్రే దశాబ్దాలపాటు వెంబడించాడు. 2011లో ఆయన, వాల్టర్ లాంగో ప్రచురించిన ఫలితాలు లోకాన్ని ఆశ్చర్యపరిచాయి. ఈ మనుషుల్లో మధుమేహం ఒక్కరికీ కనిపించలేదు. ప్రాణం మీదికి రాని ఒక్క క్యాన్సర్ తప్ప మరొకటి లేదు. అలాగని ఐజీఎఫ్-1 లేకపోవడం వరమని ఎవరూ అనుకోకూడదు. ఈ పిల్లల కోసమే ప్రయోగశాలలో తయారైన ఐజీఎఫ్-1 మందుకు 2005లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఆ మందు అవసరం వాళ్ళకు నిజంగానే ఉంది.

సాల్మన్, డాఘడే వేసిన పునాది కూడా కదిలింది. 1982లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఇసాక్సన్ బృందం ఎలుక ఒక కాలి ఎముక చివర నేరుగా గ్రోత్ హార్మోను ఎక్కించింది. ఆ కాలే రెండోదానికంటే ఎక్కువ పెరిగింది. అంటే హార్మోను ఎముక దగ్గరే స్వయంగా పనిచేయగలదు, అక్కడికక్కడే ఐజీఎఫ్-1ను పుట్టించగలదు. 1999లో రెండు బృందాలు కాలేయంలో మాత్రమే ఐజీఎఫ్-1 జన్యువు పనిచేయని ఎలుకలను సృష్టించాయి. రక్తంలో ఐజీఎఫ్-1 సుమారు నాలుగింట మూడొంతులు పడిపోయింది. ఎలుకలు దాదాపు మామూలుగానే పెరిగాయి! ఎత్తు పెరగడానికి రక్తంలోని ఐజీఎఫ్-1 కంటే ఎముకలోనే పుట్టేది ముఖ్యమని దీంతో అర్థమైంది. రక్తపు అంకె ఎదుగుదలకు గుర్తు మాత్రమే. పని జరిగే చోటు వేరు. ఐజీఎఫ్-1 లేకుండా మాత్రం పని సాగదు. 1996లో ఆ జన్యువే లోపించిన ఒక బాలుడిని వర్ణించారు. కడుపులో ఉన్నప్పటి నుంచే ఎదుగుదల కుంటుపడి, చెవుడుతో పుట్టాడు. కుక్కల్లో చిన్న జాతులు చిన్నవిగా ఉండటానికి ఈ జన్యువులోని తేడాయే ప్రధాన కారణాల్లో ఒకటని 2007లో తేలింది.

ఈలోగా ల్యాబుల్లో వేరే తలనొప్పి నడిచింది. ఐజీఎఫ్-1ను పట్టుకుని ఉండే ప్రొటీన్లు పరీక్షకు అడ్డం వస్తాయి. వాటి నుంచి విడదీయడానికి 1980 ప్రాంతంలో ఆమ్లం, ఆల్కహాలు కలిపే పద్ధతి వచ్చింది. తర్వాత ఐజీఎఫ్-2ను దండిగా కలిపి ఆ ప్రొటీన్లను అటు మళ్ళించే ఉపాయం వచ్చింది. ఏ యంత్రం ఏ ఉపాయం వాడిందన్న దాన్ని బట్టి ఒకే రక్తానికి వేర్వేరు అంకెలు వస్తాయి. తొలి అంతర్జాతీయ ప్రామాణిక పదార్థమే తగినంత శుద్ధమైనది కాదు. 2008లో మేలైనది వచ్చాకే పరిస్థితి కుదుటపడసాగింది. 2014లో 15,014 మంది రక్త నమూనాలతో వయసువారీ పరిధులు ప్రచురించారు. పసితనంలో తక్కువగా మొదలై, యవ్వనం వచ్చే ఏళ్ళలో శిఖరానికి చేరి, ఆపై జీవితాంతం మెల్లగా దిగివచ్చే గీత అది. పద్నాలుగేళ్ళ పిల్లకు మామూలైన అంకె అరవై ఏళ్ళ తాతకు ఉంటే పిట్యూటరీలో గడ్డ కోసం వెతకాలి. ఆ నమూనాలన్నీ ఐరోపా, ఉత్తర అమెరికా వాసులవి. మన ల్యాబుల్లో చాలావరకు యంత్రంతోపాటు వచ్చే పరిధులే అచ్చవుతాయి. మన పిల్లల తిండి, యవ్వనం వచ్చే వయసు వేరు కనుక, మన గీతలు మనకు కావాలన్న డిమాండు న్యాయమైనది.

దిగే గీతను వెనక్కి లాగితే ముసలితనం ఆగుతుందన్న ఆశ ఒకటి బయల్దేరింది. 1990లో డేనియల్ రుడ్‌మన్ ఐజీఎఫ్-1 తక్కువగా ఉన్న 61 నుంచి 81 ఏళ్ళ వృద్ధుల్లో 12 మందికి ఆరు నెలలు గ్రోత్ హార్మోను ఇచ్చాడు. కొవ్వు తగ్గింది, కండ పెరిగింది. పన్నెండు మంది ఫలితం మీద ఒక వ్యాపారమే లేచింది. వయసుతోపాటు సహజంగా తగ్గే అంకెను జబ్బుగా చూపి సూదులు అమ్మడం ఆ వ్యాపారం సారాంశం. 1998లో హార్వర్డ్ పరిశోధకులు ఐజీఎఫ్-1 ఎక్కువగా ఉన్న పురుషుల్లో ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎక్కువగా కనిపిస్తోందని రాశారు. మరీ ఎక్కువైనా, మరీ తక్కువైనా మరణాలు పెరుగుతున్నట్టు తర్వాతి విశ్లేషణలు చెప్పాయి. క్రీడల్లో దొంగచాటు గ్రోత్ హార్మోనును పట్టుకోవడానికి కూడా ఇదే గుర్తు పనికొచ్చింది. పీటర్ సాంక్సెన్ ముందుండి నడిపిన పరిశోధన ఐజీఎఫ్-1ను పీ-త్రీ-ఎన్‌పీ అనే మరో గుర్తుతో జోడించింది. 2012 లండన్ పారాలింపిక్స్‌లో ఇద్దరు పవర్‌లిఫ్టర్లు ఆ జోడీకి దొరికిపోయారు.

ఈ పరీక్ష విలువ ఎంతటిదో 2003లో అమెరికాలో అనుమతి పొందిన పెగ్విసొమాంట్ మందు చూపించింది. అక్రోమెగలీ రోగిలో అది గ్రోత్ హార్మోను రిసెప్టర్‌ను మూసేస్తుంది. గ్రోత్ హార్మోను తగ్గదు సరికదా, ఇంకా పెరుగుతుంది. మందు పనిచేస్తోందో లేదో ఐజీఎఫ్-1 ఒక్కటే చెప్పగలదు. చేతి ఉంగరాలు బిగుతవుతున్నా, చెప్పుల సైజు మారుతున్నా, గొంతు బొంగురుపోతున్నా ఏళ్ళ తరబడి పట్టించుకోని ఈ జబ్బుకు ఇప్పుడు మొదట చేయాల్సిన పరీక్ష ఇదే. పిల్లల్లో పరిస్థితి వేరు. ఏడాదికి ఎన్ని సెంటీమీటర్లు పెరుగుతున్నారన్నది ముందు చూడాలి. ఐదేళ్ళలోపు పిల్లల్లో మామూలు అంకెలే చాలా తక్కువగా ఉంటాయి కనుక ఈ పరీక్ష అంత నమ్మకంగా పలకదు. అనుమానం బలపడితే క్లోనిడిన్ మాత్ర, గ్లూకగాన్ సూది వంటివి ఇచ్చి గ్రోత్ హార్మోను లేస్తుందో లేదో చూస్తారు.

పెద్దవాళ్ళలో లక్షణాలు కనిపిస్తూ, ఐజీఎఫ్-1 ఆ వయసు గరిష్ఠ పరిధికి 1.3 రెట్లు దాటితే అక్రోమెగలీ నిర్ధారణ అయినట్టేనని 2024 నిపుణుల ఏకాభిప్రాయ పత్రం చెబుతోంది. ఆ గీత దాటని, పరిధిలోనూ ఇమడని వాళ్ళకు కొన్ని వారాల తర్వాత అదే ల్యాబులో పరీక్ష మళ్ళీ చేయించాలి. ఈస్ట్రోజన్ మాత్రలు వాడుతున్నారా, గర్భవతా, కాలేయం సరిగా ఉందా అని అడిగి తెలుసుకోవాలి. ఇంకా తేలకపోతే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, అరగంటకోసారి రక్తం తీసి, గ్రోత్ హార్మోను ఎంతవరకు దిగుతుందో చూడాలి. ఒంటరిగా ఎందుకూ కొరగాదనిపించిన ఆ హార్మోను కొలత ఐజీఎఫ్-1 పక్కన నిలబడ్డాక ఇప్పటికీ అక్కరకు వస్తోంది.